వెనక నడిచేవాళ్ళు

2023 ఆగస్టులో నేనూ, ఇంజనీరింగ్‌లో నా రూమ్మేటూ కలిసి వండర్‌లాండ్ ట్రెయిల్ నడవడం మొదలుపెట్టాం. పూర్తి చెయ్యలేదు. ఎందుకు చెయ్యలేదని అడిగినవాళ్ళందరికీ ‘వాడి మోకాలు’ అని చెబుతూ వచ్చాను. అబద్ధమేం కాదు, డాక్టరు కూడా మోకాలే అన్నాడు. కానీ ఆ జవాబు చెప్పిన ప్రతిసారీ లోపల ఎక్కడో గుచ్చుకునేది. ఎందుకా అని ఆలోచిస్తూ పోతే ఆ ఆలోచన ధర్మరాజు దాకా వెళ్ళింది.

ముందు ఆ దారి గురించి కొంచెం చెప్పాలి. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో, సియాటిల్‌కి ఆగ్నేయంగా మౌంట్ రెయినియర్ అనే మంచుకొండ ఉంది. నిజానికి అది అగ్నిపర్వతం. ఎత్తు 14,410 అడుగులు. దాని చుట్టూ పూర్తిగా ఒక చుట్టు తిరిగొచ్చే కాలిబాటే వండర్‌లాండ్ ట్రెయిల్. పొడవు 93 మైళ్ళు, మన లెక్కలో 150 కిలోమీటర్లు. శిఖరం మీదికి పోదు. కొండ మీంచి అన్ని వైపులకీ జారే హిమానీనదాలు లోతుగా లోయల్ని కోసేశాయి. ఆ లోయల్లోకి దిగడం, అవతలి గట్టు ఎక్కడం, మళ్ళీ దిగడం, అదే పని. ఎక్కిన ఎత్తులన్నీ కలిపితే సుమారు 22,000 అడుగులు. మామూలుగా పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. టెంటు, పొయ్యి, తిండి, అన్నీ వీపు మీదే. దారిలో కొన్ని చోట్ల మాత్రం ముందే బకెట్లలో తిండి దాచుకోవచ్చు. ఏ రాత్రి ఏ క్యాంపులో పడుకోవాలో పర్మిట్ మీదే రాసిస్తారు. ఒక్క రోజు లేటైతే ఆ తర్వాతి రోజులన్నీ కదిలిపోతాయి.

లాంగ్‌మైర్ దగ్గర మొదలుపెట్టి, కొండని కుడిచేతి వైపు ఉంచుకుని తిరగాలనుకున్నాం. ఫోన్లో అమ్మకి చెబితే ‘అయితే గిరి ప్రదక్షిణే కదరా’ అంది. మాది విశాఖ వైపు. అమ్మ సింహాచలం గిరి ప్రదక్షిణ చాలాసార్లు చేసింది, ఆషాఢ పున్నమికి ముందురోజు మొదలుపెట్టి 32 కిలోమీటర్లు. ‘అక్కడ గుడి లేదమ్మా’ అన్నాను. ‘కొండ ఉంది కదా’ అంది.

మావాడు డాలస్‌లో ఉంటాడు. అక్కడ ఎత్తంటే ఫ్లైఓవరే. నేను సియాటిల్ పక్కనే ఉంటాను, శని ఆదివారాలు కొండలెక్కే అలవాటుంది. కాబట్టి ప్లానంతా నేనే వేశాను. 1892లో విలియం నెయిస్మిత్ అనే స్కాట్లండ్ పర్వతారోహకుడు ఒక సూత్రం చెప్పాడు: మూడు మైళ్ళకి ఒక గంట, ఎక్కే ప్రతి 2,000 అడుగులకి ఇంకో గంట. దాన్ని స్ప్రెడ్‌షీట్‌లో పెట్టి, మోసే బరువు కోసం కొంత కలిపి, ఏ క్యాంపుకి ఎన్నింటికి చేరతామో తీశాను. సామాను గ్రాముల్లో లెక్కేసి పంచాను. టెంటు, నీళ్ళ ఫిల్టరు నాకు. పొయ్యి, గ్యాసు, గిన్నెలు వాడికి. ప్రతిదీ రెండేసి మొయ్యడం దండగ కదా. ఆ షీటు చూసుకుని నాకు నేనే మురిసిపోయాను. నెయిస్మిత్ సూత్రంలో ఎక్కుడికి లెక్క ఉంది గానీ దిగుడికి లేదు. మోకాళ్ళు పోయేది దిగుడులోనే అని అప్పటికి నాకు తట్టలేదు.

మూడోరోజు మా షీటులో పెద్ద రోజు. సౌత్ పుయాలప్ క్యాంపు నుంచి గోల్డెన్ లేక్స్ దాకా 12 మైళ్ళు. మధ్యలో క్లపాచీ పార్క్ దగ్గర పడుకుంటే సరిపోయేది, కానీ అక్కడ మాకు చోటు దొరకలేదు. పొద్దున సెయింట్ ఆండ్రూస్ సరస్సు దాకా ఎక్కేటప్పుడు ఇద్దరం కలిసే ఉన్నాం. క్లపాచీ నుంచి నార్త్ పుయాలప్ నది దగ్గరికి మూడు మైళ్ళలోపే సుమారు 1,700 అడుగులు దిగాలి. అక్కడ వాడు వెనకబడ్డాడు. ఆగాను. వచ్చాడు. ‘మోకాలు కొంచెం పట్టేసింది మామా. నువ్వు పద, నేనొస్తా’ అన్నాడు. పద అన్నాడు కదా అని వెళ్ళాను. నది దగ్గర పది నిమిషాలు చూశాను. దోమలు. షీటు ప్రకారం అప్పటికే నలభై నిమిషాలు లేటు. క్యాంపులో కలుద్దాంలే అనుకుని నడిచాను.

అక్కడి నుంచి ఐదు మైళ్ళ ఎక్కుడు. ఒక్కణ్ణే. చాలా హాయిగా నడిచాను, ఆ మాట దాచడం ఎందుకు. కాళ్ళ దారిన కాళ్ళు పోతున్నాయి. బుర్రలో మాత్రం ఒక లిస్టు తయారవుతోంది. నాలుగు నెలల నుంచీ మెట్లెక్కి ప్రాక్టీస్ చెయ్యమన్నాను, చెయ్యలేదు. షూస్ రెండు వారాల ముందు కొన్నాడు. వద్దన్నా వినకుండా పెద్ద కెమెరా మోసుకొచ్చాడు. కాలేజీలోనూ ఇంతే, పరీక్ష ముందురోజు రాత్రి పుస్తకం తెరిచే బాపతు. గోల్డెన్ లేక్స్ చేరేసరికి నా స్నేహితుడి మీద ఛార్జిషీటు మొత్తం రెడీగా ఉంది.

నాలుగున్నరకి చేరాను. టెంటు వేశాను. ఆకలేస్తోంది, కానీ పొయ్యి వాడి దగ్గరుంది. ఆరైంది, ఏడైంది. ఏడున్నరకి భయం మొదలైంది. హెడ్‌ల్యాంప్ తీసుకుని వెనక్కి బయల్దేరాను. అర మైలు పోయాక కనిపించాడు, రెండు కర్రల మీద బరువంతా వేసి, మొహం పాలిపోయి. నేనేదో అనేలోపే అడిగాడు: ‘నీళ్ళున్నాయా?’

నది దగ్గరికి వచ్చేసరికే వాడి సీసాలు ఖాళీ. హిమానీనదం రుబ్బిన రాతిపిండితో ఆ నీళ్ళు బూడిదరంగులో ఉంటాయి. ఫిల్టరేమో నా దగ్గర. ఐదు మైళ్ళూ నీళ్ళు లేకుండా ఎక్కాడు. నా సీసా ఎత్తి తాగి, మూతి తుడుచుకుని, ‘ఫిల్టర్ నేనే అడిగి తీసుకోవాల్సింది మామా, మర్చిపోయా’ అన్నాడు. తప్పు తన మీదే వేసుకున్నాడు. నేనూ కాదనలేదు.

మర్నాడు మోవిచ్ సరస్సు దాకా పది మైళ్ళు. ఆ రోజు మంచివాడిలా ఉందామనుకున్నాను. ప్రతి మలుపులోనూ ఆగి వాడి కోసం చూశాను. సగం రోజు గడిచాక గానీ అర్థం కాలేదు. నేను రాయి మీద కూర్చుని రెస్ట్ తీసుకుంటున్నాను, వాడు రాగానే లేచి ‘పోదామా’ అంటున్నాను. అంటే ఆగిన ప్రతిసారీ రెస్ట్ నాకే. వాడికి ఒక్క నిమిషం కూడా లేదు.

అప్పట్లో మోవిచ్ దాకా కార్లు వచ్చేవి. వాడు బ్యాగు దించి చెప్పేశాడు: ‘నా వల్ల కాదు మామా. ఎవర్నైనా రైడ్ అడిగి వెళ్ళిపోతా. నువ్వు పూర్తి చెయ్యి, నేనేం అనుకోను.’ మనస్ఫూర్తిగానే అన్నాడు. బకెట్‌లో నా తిండి ఉంది, పర్మిట్ ఉంది, కాళ్ళు బాగున్నాయి. రాత్రంతా ఆలోచించి పొద్దున ‘నేనూ వచ్చేస్తున్నా’ అన్నాను. ఎవరో పెద్దవయసు దంపతులు విల్కిసన్ అనే చిన్న ఊళ్ళో దింపారు. అక్కడ కాఫీ తాగుతూ నేను ‘నీ కోసం’ అనే మాట మూడోసారో నాలుగోసారో అన్నట్టున్నాను. వాడు కప్పు కింద పెట్టాడు. ‘ఒరేయ్, నేను నిన్ను రమ్మనలేదు.’

ఇంటికి చేరేదాకా ఇద్దరం పెద్దగా మాట్లాడుకోలేదు.

ఇది విన్నవాళ్ళు రెండు రకాలుగా తీర్పు చెబుతారు. ‘ఫ్రెండ్ కోసం వదులుకున్నావు, గ్రేట్’ అని కొందరు. ‘వాడే వెళ్ళమన్నాక వెళ్ళాల్సింది’ అని కొందరు. ఇద్దరూ మోవిచ్ దగ్గర నిలబడే మాట్లాడుతున్నారు. నైతిక ప్రశ్న అనగానే మనకి అలాంటి కూడలి కనిపిస్తుంది: అటు వెళ్ళాలా, ఇటు వెళ్ళాలా? నాకేమో మోవిచ్ దగ్గర ఏం చేసినా పెద్ద తప్పు లేదనిపిస్తోంది. అక్కడ రోడ్డుంది, మనుషులున్నారు, నీళ్ళున్నాయి. వాడు తన మనసులో మాట చెప్పాడు. ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుని ఎవరి దారిన వాళ్ళు పోతే దాన్ని విడిపోవడం అంటారు. వదిలెయ్యడం వేరు. నేను వాణ్ణి వదిలెయ్యడం ముందురోజే అయిపోయింది. నార్త్ పుయాలప్ ఎక్కుడులో, ఏ నిర్ణయమూ తీసుకోకుండా, నా మామూలు స్పీడులో నేను నడుస్తూ ఉండగానే.

ఆ ఎక్కుడు గురించి ఆలోచిస్తున్నప్పుడే మహాప్రస్థానిక పర్వం గుర్తొచ్చింది. మహాభారతంలో చాలా చిన్న పర్వం అది. తెలుగులో తిక్కన వాటాకి వచ్చింది. రాజ్యం వదిలేసి పాండవులు ద్రౌపదితో బయల్దేరతారు. నేరుగా హిమాలయాలకి పోరు. తూర్పు, దక్షిణం, పడమర, ఆ తర్వాతే ఉత్తరం. భూమికి ప్రదక్షిణ అన్నమాట. బయల్దేరిన చోటికి తిరిగి రాని ప్రదక్షిణ. ఆ నడకలో ఒక వరస ఉంది. ముందు ధర్మరాజు, వెనక భీముడు, ఆ వెనక అర్జునుడు, నకులుడు, సహదేవుడు, చివర ద్రౌపది, వాళ్ళ వెంట ఒక కుక్క. కొండల్లో మొదట ద్రౌపది పడిపోతుంది. తర్వాత సహదేవుడు, నకులుడు, అర్జునుడు, భీముడు. సరిగ్గా వరసలో వెనక నుంచి ముందుకి.

పడిన ప్రతిసారీ భీముడు అడుగుతాడు, ఎందుకు పడిపోయారని. ధర్మరాజు కారణం చెబుతాడు, వెనక్కి చూడకుండా నడుస్తాడు. ద్రౌపదికి అర్జునుడంటే పక్షపాతం. సహదేవుడికి తెలివి ఉందని గర్వం. నకులుడికి అందం ఉందని గర్వం. శత్రువులందర్నీ ఒక్క రోజులో కాల్చేస్తానని అర్జునుడు గొప్పలు పోయాడు. చివరికి తనే పడిపోతూ అడిగిన భీముడికి వచ్చిన జవాబు: తిండి ఎక్కువ, బలం ఉందని పొగరు.

చిన్నప్పుడు వాటిని తీర్పులుగా విన్నాను. గోల్డెన్ లేక్స్ తర్వాత నా లిస్టులా వినిపిస్తున్నాయి. మెట్లెక్కలేదు, షూస్ కొత్తవి, కెమెరా బరువు. నా లిస్టులో ఒక్కటీ అబద్ధం లేదు. ధర్మరాజు చెప్పినవీ అబద్ధాలు కాకపోవచ్చు. కానీ ఆ తప్పులు ఎప్పుడు గుర్తొచ్చాయన్నదే నన్ను ఇబ్బంది పెడుతోంది. నది దగ్గర ఇంకో గంట ఆగి ఉంటే నాకు ఆ లిస్టుతో పనే లేదు. ఆగకుండా ముందుకు నడవడానికే అది కావాల్సొచ్చింది.

మెల్విన్ లెర్నర్, కారొలిన్ సిమన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1966లో ప్రచురించిన ఒక ప్రయోగం ఉంది. ఒక మనిషికి కరెంటు షాకులు ఇస్తున్నట్టు కొందరు విద్యార్థినులకి చూపించారు. షాకులు నిజం కాదు, చూసేవాళ్ళకి ఆ సంగతి తెలీదు. ఆ బాధని ఆపే వీలు దొరికినవాళ్ళ కంటే, అది ఇంకా కొనసాగుతుందని నమ్మినవాళ్ళు ఆ మనిషినే తక్కువచేసి చూశారు. లోకం న్యాయంగా ఉందని నమ్మాలంటే, బాధపడేవాళ్ళలోనే ఏదో లోపం ఉండాలి మరి.

కొండల మీదే ఇంతకంటే పెద్ద ఉదాహరణ ఉంది. 2006 మేలో ఎవరెస్ట్ ఉత్తరం వైపు డేవిడ్ షార్ప్ అనే బ్రిటిష్ పర్వతారోహకుడు చనిపోయాడు. ప్రాణం పోకముందు ఆ దారిన సుమారు 40 మంది దాటి వెళ్ళారని వార్తలొచ్చాయి. ఎడ్మండ్ హిల్లరీ బహిరంగంగానే మండిపడ్డాడు. ఆ తర్వాత సాగిన చర్చలో షార్ప్ తప్పులు చాలా వినిపించాయి. ఒంటరిగా వచ్చాడు, సరిపడా ఆక్సిజన్ తెచ్చుకోలేదు, రేడియో లేదు. అన్నీ నిజాలే. ఆ ఎత్తులో ఎవరేం చెయ్యగలిగేవాళ్ళో సోఫాలో కూర్చుని నేను చెప్పకూడదు. కానీ అదే నెలలో, అదే వైపు, చనిపోయాడనుకుని వదిలేసిన లింకన్ హాల్ అనే ఆస్ట్రేలియన్ మర్నాడు పొద్దున డాన్ మేజర్ బృందానికి ప్రాణాలతో కనిపించాడు. వాళ్ళు శిఖరం వదులుకుని అతని దగ్గర ఆగిపోయారు. హాల్ బతికాడు. ఆగినవాళ్ళకి అతని తప్పులు వెతకాల్సిన పని పడలేదు.

మనలో చాలామందికి ఎవరెస్టుతో పని ఉండదు గానీ ఆఫీసుతో ఉంటుంది. 2022 చివర్లో, 2023 మొదట్లో లేఆఫ్‌లు నడిచినప్పుడు నేను పనిచేసే చోట కూడా ఒక రోజు పొద్దున కొందరి పేర్లు చాట్ నుంచి మాయమయ్యాయి. సాయంత్రానికల్లా మిగిలినవాళ్ళం కాఫీ దగ్గర చేరి కారణాలు చెప్పుకుంటున్నాం. ఆయన కొత్త టెక్నాలజీ నేర్చుకోలేదు. ఆవిడ మీటింగుల్లో నోరు విప్పేది కాదు. నిన్నటిదాకా ఎవరికీ పట్టని లోపాలు ఆ పూట అందరికీ గుర్తొచ్చాయి. ఆ లోపాలు మనలో లేవు కాబట్టి మనం పడిపోం అన్న ధైర్యం కోసం.

దీనికొక గట్టి అభ్యంతరం ఉంది, నేనే చాలాసార్లు చెప్పుకున్నాను. ఇద్దరూ పెద్దవాళ్ళే. వాడే ‘పద’ అన్నాడు. నెమ్మదిగా నడిచేవాడి కోరిక కంటే వేగంగా నడిచేవాడి కోరిక ఎందుకు తక్కువ? వెనకవాడి కోసం ఎప్పుడూ ఆగిపోతూ ఉంటే ఎవరూ ఎక్కడికీ చేరరు. నిజమే. ఎప్పుడూ ఆగాలని నేననడం లేదు. ఒకే స్పీడులో నడవడం కుదరదని తేలితే విడిపోవచ్చు కూడా. కానీ వెనకబడినవాడు అనే ‘పద’కి ఎంత విలువ ఇవ్వాలి? ఇంకొకరి నడక తనవల్ల పాడవుతోందన్న సిగ్గుతో అనే మాట అది. దాన్ని అనుమతిగా తీసుకోవడం నాకు సౌకర్యంగా ఉంది కాబట్టి తీసుకున్నాను. పైగా బరువులు పంచుకున్నప్పుడే మేం ఒకరి ప్రాణం ఇంకొకరి బ్యాగులో పెట్టుకున్నాం. విడిపోయే ముందు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ‘నీ దగ్గర నీళ్ళున్నాయా?’ అది అడగడానికి ఎక్కువసేపేం పట్టదు. నేను అడగలేదు. మర్నాడు నేను వదులుకున్న ట్రెక్కు మొత్తం ఆ ప్రశ్నకి బదులుగా చెల్లించబోయాను. వాడు తీసుకోలేదు, సరైన పనే చేశాడు.

ధర్మరాజుకీ ఇలాంటి ప్రశ్నే ఎదురవుతుంది. కుక్కని వదిలి రథం ఎక్కమంటాడు ఇంద్రుడు. ఎక్కనంటాడు. తమ్ముళ్ళనీ భార్యనీ వదిలినవాడివి కుక్క కోసం ఆగుతావేం అంటే, చనిపోయినవాళ్ళని నేను బతికించలేను కాబట్టి వదిలాను, బతికుండగా వదల్లేదు అన్న అర్థంలో జవాబిస్తాడు. గొప్ప జవాబే. కానీ వెనక్కి తిరిగి చూడనివాడికి వాళ్ళు పోయారని ఎలా తెలుసు? ఈ ప్రశ్న ఇంద్రుడు అడగడు. నేను అడగ్గలుగుతున్నానంటే, నార్త్ పుయాలప్ దగ్గర నేనూ చూడలేదు కాబట్టి.

కథ అక్కడితో ఆగిపోదు. స్వర్గారోహణ పర్వంలో ధర్మరాజు నరకంలో నడుస్తుంటే, వెళ్ళిపోవద్దని చీకట్లోంచి గొంతులు బతిమాలతాయి. ఈసారి ఆగుతాడు. మీరెవరని అడుగుతాడు. తమ్ముళ్ళు, ద్రౌపది. అప్పుడు అనుకుంటాడు, వీళ్ళు చేసిన పాపమేమిటో నాకు తెలియడం లేదే అని. కొండ మీద ఒక్కొక్కరి తప్పూ అంత కచ్చితంగా చెప్పినవాడే. దూతని పంపేసి తను అక్కడే ఉండిపోతానంటాడు. ఆగాలని నిశ్చయించుకున్నాక ఆ పాత లిస్టు ఇక అతనికి గుర్తు రాదు.

తిరిగొచ్చిన వారానికి అమ్మకి ఫోన్లో ఇదంతా చెప్పాను, ధర్మరాజు భాగం తప్ప. మొత్తం విని ఒకటే అడిగింది: ‘నడిచినప్పుడు వాడు ముందా, నువ్వు ముందా?’ నేనే ముందన్నాను. ‘మేం సింహాచలం తిరిగినప్పుడు మీ పెద్దమ్మని ముందు పెట్టుకునేవాళ్ళం. ఆవిడకి కాళ్ళ నొప్పులు కదా. వెనకున్నోళ్ళు ఆగిపోతే మనకెలా తెలుస్తాది?’

కొండలెక్కేవాళ్ళలో కూడా అనుభవం ఉన్నవాళ్ళు ఇదే చెబుతారు: అందరికంటే నెమ్మదిగా నడిచేవాళ్ళని ముందు పెట్టండి. నాకు ఆ నియమం తెలుసు, ఎక్కడో చదివాను కూడా. కానీ అదేదో స్పీడుకి సంబంధించిన చిట్కా అనుకున్నాను. అది చూపుకి సంబంధించిందని అమ్మ అడిగాక తెలిసింది. ముందున్నవాడి మంచితనం మీద ఆధారపడితే వెనకవాళ్ళ సంగతి అంతే. వాడు మంచివాడే కావచ్చు, ధర్మరాజే కావచ్చు. వరస మార్చేస్తే అతను అంత మంచివాడు కానక్కర్లేదు. కళ్ళెదుట కుంటుతున్నవాడి తప్పులు లెక్కపెట్టడం కష్టం.

ఆ రాత్రి వాడికి ఫోన్ చేశాను. ఫిల్టర్ గురించి తప్పు నాదే అని చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. ‘ఇప్పుడు గుర్తొచ్చిందా నీకు’ అని నవ్వాడు. తర్వాత మోకాలికి ఫిజియోథెరపీ ఎలా నడుస్తోందో చెప్పాడు, అరగంట సేపు. మధ్యలో అడ్డుపడకుండా విన్నాను.

మళ్ళీ వెళ్దామనుకుంటున్నాం, మొదట్నుంచీ. ఎప్పుడనేది వాడు చెప్పాలి. పాత షీటు తెరిచి దిగుడుకి కూడా గంటలు కలిపాను. పన్నెండు మైళ్ళ రోజు తీసేశాను. సామాన్ల లిస్టులో ఫిల్టరు వాడి పేరు కిందకి మార్చాను. నడిచేటప్పుడు వాడే ముందుంటాడు.